పిల్లాడి కస్టడీకి సరైన లాయర్ని ఎలా పట్టుకోవాలి? (నల్లగొండ / ఎల్బీనగర్ కోర్టు)

వేపచెట్టు_నీడ:

అందరికీ నమస్తే. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు, పొడుగైతే తిట్టుకోకండి. నాకు 31 ఏళ్లు, నల్లగొండలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. పెళ్లై ఏడేళ్లు. మా ఆయనది సాఫ్ట్‌వేరు ఉద్యోగం, వనస్థలిపురంలో ఉండేవాళ్లం. పదిహేను నెలలుగా నేనూ బాబూ నల్లగొండలో మా అమ్మావాళ్ల ఇంట్లో ఉంటున్నాం, వాడూ ఇక్కడి స్కూలుకే వెళ్తున్నాడు. గొడవల వివరాల్లోకి పోను. చెయ్యి చేసుకోవడం లాంటివి లేవు, కలిసి బతకలేమని ఇద్దరికీ అర్థమైంది, అంతే.

పోయిన వారం ఎల్బీనగర్ ఫ్యామిలీ కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. ఆయన విడాకుల ఓపీ (పిటిషన్) వేశాడు. దాంతోపాటే బాబుని మధ్యంతరంగా తనకి అప్పగించమని ఒక ఐఏ (కేసు మధ్యలో వేసే దరఖాస్తు) కూడా. వాయిదాకి ఇంకా మూడు వారాలుంది. బాబుకి నాలుగేళ్ల తొమ్మిది నెలలు. మా అత్తగారు ఎవరితోనో అన్నారట, "ఐదు నిండనీ, చట్టమే పిల్లాణ్ణి తెచ్చి మా చేతుల్లో పెడుతుంది" అని. అది విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. రాత్రి వాడు పక్కకి తిరిగినా లేచి కూర్చుంటున్నా.

ఇప్పటికి ఇద్దరు లాయర్లని కలిశాను. ఒకాయన మా ఊళ్లోనే, నాన్నకి తెలిసినాయన, ఎక్కువగా పొలాల కేసులు చూస్తారు. పది నిమిషాలు విని, "ముందు 498ఏ వేద్దాం, అత్తని, మామని, ఆడపడుచుని అందర్నీ కలిపి. వాళ్లే కాళ్లబేరానికొస్తారు" అన్నారు (498ఏ అంటే భర్తా అత్తింటివాళ్లూ హింసించారని పెట్టే క్రిమినల్ కేసు). బాబు పేరు కూడా అడగలేదు. ఇంకొకాయన హైదరాబాదులో, నెట్‌లో వెతికితే ముందు వచ్చిన ఆఫీసు. కస్టడీ గ్యారంటీ అన్నారు. మొత్తం లక్షన్నర, అందులో 50 వేలు ఇవాళే కట్టాలన్నారు. అప్పటికింకా సమన్ల కాగితం నా సంచిలోనే ఉంది, తీసి చూపించనే లేదు. నా జీతం 22 వేలు.

నల్లగొండ లాయర్ని పెట్టుకోవాలా, ఎల్బీనగర్‌లో వెతుక్కోవాలా? మంచి లాయరో కాదో ఏం చూసి తెలుసుకోవాలి? అసలు ఆ ఐదేళ్ల సంగతి నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.


రెండు_జడలు:

చెల్లీ, ముందు కాసిని మంచినీళ్లు తాగు. ఐదేళ్లు నిండగానే పిల్లాణ్ణి ఎవరూ ఎత్తుకుపోరు. నా కూతురికి ఆరున్నర ఉన్నప్పుడు మా కేసు మొదలైంది, ఇప్పుడు తొమ్మిది, నా దగ్గరే ఉంది.

లాయర్ల సంగతి చెప్తా, ఎందుకంటే ఒకసారి కాలింది నాకు. మొదటాయన పేరున్న మనిషి, కాదనను. కానీ ఫీజు మాట్లాడుకున్నది ఆయనతో, వాయిదాకి వచ్చేది జూనియర్లు, అదీ ఒక్కోసారి ఒక్కొక్కరు. మా పాప ఏ క్లాసో కూడా వాళ్లకి తెలీదు. ఒక వాయిదాకి ఎవరూ రాలేదు, అవతలివాళ్లు అడిగిన విజిటేషన్‌కి (తండ్రి పాపని కలవడానికి) మా వైపు నోరే లేకుండా ఆర్డరైపోయింది, నెలలో రెండు వారాంతాలు. ఇవ్వడం తప్పని అనట్లేదు, పాపకి శనివారం డాన్స్ క్లాసుందని చెప్పడానికి కూడా ఒక మనిషి లేకుండా పోయాడని బాధ. లాయర్ని మారుద్దామంటే బాకీ కడితేగానీ ఫైలు ఇవ్వనన్నాడు. ఫీజు బాకీకి ఫైలు పట్టుకోకూడదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పిందని నాకు చాలా తర్వాత తెలిసింది, అప్పటికే గాజులు పెట్టి తెచ్చిన డబ్బు కట్టేశాను.

రెండో లాయర్ని ఎలా పట్టుకున్నానో చెప్తా. రెండు రోజులు స్కూలుకి సెలవు పెట్టి (నేనూ టీచర్నే) కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చున్నా. కొన్ని కేసులు తలుపులు మూసి వింటారు, అప్పుడు బయటికి పొమ్మంటే పోవాలి, మిగతావి చూడొచ్చు. ఒకామె, నలభై దాటి ఉంటాయి, ఒక తండ్రిని క్రాస్ చేస్తోంది, అంటే అవతలి పక్షం మనిషిని బోనులో ప్రశ్నించడం. అరుపుల్లేవు, కేకల్లేవు. "పాప క్లాస్ టీచరు పేరు చెప్పండి" అంది. ఆయన ఆలోచిస్తున్నాడు. "సరే, ఏ డాక్టరుకి చూపిస్తారు?" దానికీ లేదు. "పోనీ, పాప కాలి చెప్పు సైజెంతండీ?" ఆయన తల తిప్పి తన లాయరు వైపు చూశాడు. ఆవిడ అంతటితో ఆపేసి కూర్చుంది. సాయంత్రం ఆవిడ గుమస్తా దగ్గరికి వెళ్లి నంబరు తీసుకున్నా. ఫీజు 60 వేలు మాట్లాడుకున్నాం, మూడు విడతలు, వాయిదా ఖర్చులు వేరే. ప్రతి కాగితం కాపీ నాకిచ్చింది, మొదటి రోజే "మీ కేసులో లొసుగు ఏంటో ముందు మీరే చెప్పండి" అంది. అలా అడిగే లాయర్ని చూసుకో.

ఆ గ్యారంటీ అన్నాయన వైపు మళ్లీ చూడకు. జడ్జి మనసులో ఏముందో జడ్జికే తెలీదు ఆ రోజు దాకా.


కోర్టు_మెట్లు:

నేను ఆంధ్ర వైపు ఒక జిల్లా కోర్టులో తొమ్మిదేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. మీ ఫైలు చూడలేదు కాబట్టి ఇది సలహా కాదు, దారి చెప్పడం అనుకోండి.

ఐదేళ్ల మాట 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలోది, 6వ సెక్షను. ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలని ఉంది, అంతవరకే. నిండాక తండ్రికి ఇచ్చెయ్యాలని ఎక్కడా లేదు. అదే చట్టం 13వ సెక్షను ప్రకారం బిడ్డ మంచే అన్నిటికంటే ముందు, ఐదుకి ముందైనా తర్వాతైనా. మా కోర్టులో పదేళ్ల పిల్లలు తల్లుల దగ్గరున్న కేసులు బోలెడు, తండ్రుల దగ్గరున్నవీ ఉన్నాయి. మీ అత్తగారి మాట పక్కన పెట్టండి.

రెండోది, కేసు ఎల్బీనగర్‌లో వేయడంలో తప్పు లేదు, మీరు చివరిగా కలిసి ఉన్నది ఆ పరిధిలోనే. కానీ చిన్న పిల్లాడితో అంత దూరం తిరగలేనని హైకోర్టులో ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేసుకోవచ్చు. భార్య ఇబ్బందిని హైకోర్టులు చాలా కేసుల్లో పట్టించుకుంటాయి. అలాగని వేసి తీరాలనేం లేదు, ఎల్బీనగర్‌లో మంచి లాయరు దొరికితే అక్కడే నడపడం మేలేమో లెక్క చూసుకోండి. ట్రాన్స్‌ఫర్‌కి పోతే నెలలు అక్కడే పోతాయి. ఇంకోటి, విడాకుల కేసు లేకుండా విడిగా గార్డియన్ ఓపీ వేసేటప్పుడు మాత్రం బిడ్డ మామూలుగా ఎక్కడ ఉంటున్నాడో ఆ ఊరి కోర్టుకే అధికారం. ఆ లెక్కన చూస్తే మీ బాబు నల్లగొండ స్కూల్లో చదువుతుండటం మీకు పనికొచ్చే విషయం, అడ్మిషన్ కాగితం జాగ్రత్త.

లాయర్ని వెతకడం గురించి. మా వృత్తిలో ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉంది, కాబట్టి నెట్‌లో "టాప్ టెన్" జాబితాలు చూసి లాయర్ని ఎంచుకోవద్దు. గెలిస్తే ఇంత వాటా అనే బేరం కూడా నిషిద్ధం, ఎవరైనా అలా అంటే లేచి రండి. ఈకోర్ట్స్ యాప్‌లో లాయరు పేరు కొట్టి చూడండి, ఆయన ఏ కోర్టులో ఏ రకం కేసులు నడుపుతున్నాడో కనిపిస్తుంది. ఓ.ఎస్. నంబర్లే వరసగా ఉంటే సివిల్ దావాల మనిషి, హెచ్.ఎం.ఓ.పీ. (పెళ్లి, విడాకుల పిటిషన్లు), జి.డబ్ల్యు.ఓ.పీ. (పిల్లల గార్డియన్ పిటిషన్లు) ఉంటే మన పని చేసే మనిషి. ఎన్ని ఉన్నాయని కాదు, ఎన్ని విచారణ దాకా వెళ్లాయో చూడండి.

డబ్బు సంగతికొస్తే, మీరు మహిళ కాబట్టి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు, 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టంలో 12వ సెక్షను. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. ఉచితం కదా, పనికిరాని లాయర్ని అంటగడతారని జనం అనుకుంటారు. కొందరు అలాంటివాళ్లు ఉంటారు, దాచేదేముంది, కానీ ప్యానెల్లో (ఆ సంస్థ పెట్టుకున్న లాయర్ల జాబితాలో) నాకంటే బాగా వాదించేవాళ్లు కూడా ఉన్నారు. కస్టడీ కేసులు చేసినవాళ్లు కావాలని దరఖాస్తులోనే రాయండి.

498ఏ గురించి. (2024 జూలై నుంచి కొత్త చట్టంలో అది 85వ సెక్షను, జనం నోట్లో మాత్రం పాత నంబరే.) హింస జరిగితే వేయాలి, తప్పకుండా వేయాలి. జరగలేదని మీరే రాశారు. లేనిది రాస్తే రేపు క్రాస్‌లో అదే మీ మెడకి చుట్టుకుంటుంది, అబద్ధమాడే తల్లి అని అవతలి లాయరు ముద్ర వేస్తాడు, కస్టడీలో అది ఖరీదైన ముద్ర.

వాయిదాకి మాత్రం మానకుండా వెళ్లండి, లాయరు కుదరకపోయినా సరే. ఫ్యామిలీ కోర్టులో లాయర్ని పెట్టుకోవడం హక్కు కాదు, కోర్టు అనుమతితోనే, కాబట్టి మీరే నిలబడి "లాయర్ని పెట్టుకోవడానికి, కౌంటరు (జవాబు) వేయడానికి టైమ్ కావాలి" అని తెలుగులో చెప్పినా జడ్జి వింటారు. రాకపోతే ఎక్స్‌పార్టీ చేస్తారు, అంటే మీరు లేకుండానే కేసు నడిపేస్తారు.


పుల్లారెడ్డి_కాదు:

ఫాలో అవుతున్నా. మా అక్కది కూడా ఇదే పరిస్థితి.


ఆదివారం_నాన్న:

నేను అవతలి వైపు మనిషిని, అంటే తండ్రిని. తిట్టేముందు చదవండి.

వేపచెట్టు_నీడ గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివా. అత్తగారి మాట ఉంది, జీతం ఉంది, లాయర్లున్నారు. ఈ పదిహేను నెలల్లో బాబు వాళ్ల నాన్నని ఎన్నిసార్లు చూశాడో మాత్రం లేదు. జడ్జి మొట్టమొదట అడిగేది అదే, నా కేసులో మొదటి వాయిదాలోనే అడిగారు.

నాకు కోర్టు రెండో, నాలుగో ఆదివారాలిచ్చింది. అంతకుముందు ఎనిమిది నెలలు మా పాపని చూడనివ్వలేదు. మొదటి ఆదివారానికి బూట్లు కొనుక్కుపోయా, ఎర్రవి, మెరిసేవి, అవంటే దానికి ప్రాణం. కింద కూర్చుని తొడగబోతే మడమ దగ్గరే ఆగిపోయింది. "నాన్నా, నావి ఇప్పుడు పదకొండు" అంది. నా దగ్గర ఉన్నప్పటి సైజు తొమ్మిది. పైన ఆ క్రాస్ ఎగ్జామినేషన్ గురించి రాసినావిడ మాట నాకు ముల్లులా దిగింది. తెలియని తండ్రులంతా పట్టించుకోనివాళ్లు కాదమ్మా, కొందరికి తెలుసుకునే వీలు లేకుండా చేస్తారు.

నేను వాళ్లమ్మ మీద కస్టడీ కేసు గెలవలేదు, గెలవాలనీ లేదిప్పుడు. కానీ మా లాయరు నా తరఫున చూపించింది ఒక్కటే, కట్ చేసిన కాల్స్ జాబితా, 212. ఆ కాగితం చూశాక జడ్జి గొంతు మారిపోయింది.


వేపచెట్టు_నీడ:

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. బాబు వాళ్ల నాన్నని చూసింది రెండుసార్లే, ఒకటి పుట్టినరోజుకి, ఇంకోటి మా చుట్టాల పెళ్లిలో అనుకోకుండా. దసరా నుంచి ఫోన్లు కూడా లేవు. మా తమ్ముడు నా ఫోన్లో ఆయన నంబరు బ్లాక్ చేశాడు, నేను వద్దనలేదు. ల్యాండ్‌లైన్‌కి చేస్తే నాన్న ఎత్తి పెట్టేస్తారు. మాట్లాడనిస్తే పిల్లాణ్ణి మచ్చిక చేసుకుంటారని మా ఇంట్లో భయం. బాబు మొదట్లో అడిగేవాడు, ఇప్పుడు అడగట్లేదు, నేను అదేదో మంచికే అనుకున్నా.


ఊరి_పిల్ల:

ఇదేంటండీ, తప్పంతా ఆవిడదేనా? సమన్లు పంపింది ఆయన, పిల్లాణ్ణి లాక్కోవాలని చూస్తున్నది ఆయన. ఇప్పుడు బ్లాక్ తీస్తే భయపడి తగ్గిందనుకుంటారు. ఏ లాయరూ అలా చెప్పడు.


రెండు_జడలు:

నా లాయరు సరిగ్గా అదే చెప్పింది. కొట్టేవాడూ తాగొచ్చి గొడవ చేసేవాడూ అయితే వేరే దారి, అక్కడ గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు దగ్గరే పిల్లల తాత్కాలిక కస్టడీ అడగొచ్చు, తండ్రి కలవడం ప్రమాదమైతే ఆపమనీ అడగొచ్చు. ఇక్కడ అది లేదని తనే చెప్తోంది కదా. చెల్లీ, సిగ్గు పడకు, నేనూ మూడు నెలలు ఫోన్ ఇవ్వలేదు. మన పుట్టింటివాళ్లకి ప్రేమ ఎక్కువ, కోర్టు బోనెక్కేది మాత్రం మనం.


కోర్టు_మెట్లు:

ఊరి_పిల్ల గారూ, కేసు భాషలోనే చెప్తా. కౌంటరులో "తండ్రి ఎప్పుడైనా మాట్లాడొచ్చు, చూడొచ్చు, నేను అడ్డు కాదు" అని రాయగలిగిన తల్లికి మధ్యంతర కస్టడీ పిటిషన్లో సగం భయం తీరినట్టే. అది కాగితం మీద కాదు, నిజంగా జరుగుతూ ఉండాలి. 2020లో రాజస్థాన్ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు, కలవడంతోపాటు వీడియో కాల్ ద్వారా మాట్లాడటం కూడా బిడ్డకి అవసరమని చెప్పింది, ఇప్పుడు కింది కోర్టులు దాన్ని మామూలుగా వాడుతున్నాయి. కాబట్టి వాయిదా లోపలే మొదలుపెట్టండి. మీరు చూసే లాయరుకి ఈ బ్లాకు సంగతి మొదటి రోజే చెప్పండి, దాన్ని విని కూడా "ఏం కాదులే, 498ఏ వేద్దాం" అంటే ఆయన మీ లాయరు కాదు.

సిద్ధం చేసుకోవాల్సినవి: టీకాల కార్డు, స్కూలు డైరీ, ఫీజు రసీదులు, డాక్టరు చీటీలు. మీరు స్కూల్లో ఉన్నప్పుడు బాబుని ఎవరు చూస్తారో చెప్పడానికి మీ అమ్మగారి అఫిడవిట్. జీతం తక్కువని బెంగ వద్దు, తండ్రి నుంచి పోషణ ఖర్చు అడగడానికి దారి ఉంది, సంపాదన తక్కువైన తల్లికి బిడ్డని ఇవ్వకూడదనే రూలేం లేదు. బాబుకి మాత్రం ఏమీ నేర్పొద్దు. కాస్త పెద్ద పిల్లల్ని జడ్జి ఛాంబర్లో కూర్చోబెట్టి మాట్లాడతారు, నేర్పిన మాటలు వాళ్లకి ఇట్టే తెలిసిపోతాయి. ఒక పిల్ల మా కోర్టులో "నా సంక్షేమం అమ్మ దగ్గరే" అంది. ఏడేళ్ల పిల్ల. జడ్జిగారు నవ్వాపుకోలేకపోయారు, ఆ తల్లి లాయరు మొహం చూడాలి.


డాలస్_బావ:

మధ్యలో దూరుతున్నందుకు సారీ, మా మరదలు పిల్లల్ని తీసుకుని అమెరికా నుంచి విజయవాడ వచ్చేసింది, అక్కడి కోర్టు ఆర్డరు ఇక్కడ చెల్లుతుందా?


కోర్టు_మెట్లు:

అది వేరే కథ అండీ. పిల్లల్ని దేశం దాటించడంపై ఉన్న 1980 హేగ్ ఒప్పందంలో భారత్ లేదు, కాబట్టి అమెరికా ఆర్డరు దానంతటదే ఇక్కడ అమలు కాదు, అలాగని కోర్టు దాన్ని పట్టించుకోకుండానూ ఉండదు. హైకోర్టులో హెబియస్ కార్పస్ (బిడ్డని కోర్టు ముందుకి తెమ్మని అడిగే పిటిషన్) వేసేవాళ్లని చూడాలి, కొత్తగా వేరే ప్రశ్న పెట్టండి.


వేపచెట్టు_నీడ:

నెల తర్వాత రాస్తున్నా, అడిగినవాళ్లున్నారు కాబట్టి.

బ్లాక్ తీశాను. ఇంట్లో పెద్ద రగడ అయింది, నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "బుధ, శని రాత్రి ఏడున్నరకి వీడియో కాల్ చేయండి" అని ఆయనకి మెసేజి పెట్టా, అరగంటకి "సరే" అని వచ్చింది, అంతే. మొదటిసారి బాబు సోఫా వెనక దాక్కున్నాడు. ఆయన ఏమీ అనకుండా ఫోను ముందు బొమ్మ డైనోసార్‌ని పెట్టి నడిపించాడు, అది వీడిదే, మేము వచ్చేసినప్పుడు అక్కడే మర్చిపోయిన బొమ్మ. నాలుగు నిమిషాలకి సోఫా మీద నుంచి తల కనపడింది. "దాని తోక ఎవరు విరిచారు" అన్నాడు వీడు.

లాయరు దొరికారు. ముందు నల్లగొండ న్యాయసేవాధికార సంస్థకి వెళ్లా, కేసు ఎల్బీనగర్‌లో ఉంది కాబట్టి అక్కడి ప్యానెల్ వైపు వెళ్లమన్నారు. ఆ పనిలోనే పొద్దున ఐదున్నర బస్సెక్కి ఎల్బీనగర్ వెళ్లి రోజంతా హాల్లో కూర్చున్నా, అక్క చెప్పినట్టే. ప్యానెల్లో ఇచ్చినావిడ పేరు యాప్‌లో కొట్టి చూశా, అన్నీ ఫ్యామిలీ కోర్టు నంబర్లే. కూర్చోగానే "బాబు రాత్రి ఎవరి పక్కన పడుకుంటాడు?" అని అడిగారు. తర్వాత బ్లాకు సంగతి చెప్పా. పెన్ను కింద పెట్టి, "ఎన్ని నెలలు?" అన్నారు. చెప్పా. ఏమీ అనలేదు, రాసుకున్నారు.

వాయిదాలో కౌంటరుకి టైమిచ్చారు. ఐఏ మీద వాదనలు వచ్చే నెల. ఈలోపు నెలకి రెండు శనివారాలు కోర్టు ఆవరణలో కలవడానికి ఇద్దరం ఒప్పుకున్నాం. ట్రాన్స్‌ఫర్ వేయాలా వద్దా అనేది ఇంకా తేల్చుకోలేదు, మేడమ్ ఆగమంటున్నారు.

ఆదివారం_నాన్న గారూ, మీ పోస్టు చదివాక ఒక పని చేశా. బాబు బూట్ల సైజు, టీచరు పేరు, వాడికి పడని మందు పేరు, అన్నీ రాసి వాళ్ల నాన్నకి మెసేజి పెట్టా. తిరుగు మెసేజిలో ఒక్కటే అడిగాడు, పాలల్లో చక్కెర ఇంకా రెండు చెంచాలేనా అని.